ఇవాళ్టితో మానేశాడు

లవ్ ఫెయిల్యూర్ అనే మాట మన ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. పదో తరగతి ఫెయిలు, ఇంటరు ఫెయిలు, లవ్వు ఫెయిలు. ఎవరో పరీక్ష పెట్టినట్టు, ఇంకెవరో పేపరు దిద్దినట్టు. యూట్యూబ్‌లో ఆ రెండు మాటలూ కొట్టి చూడండి, తెలంగాణ పల్లె బాణీల్లో పాటలు బారులు తీరి వస్తాయి. ఫెయిలైనవాడికి రెండే దారులు కదా: సప్లిమెంటరీ కట్టడం, లేదా పుస్తకాలు అటకెక్కించడం. మన పాటల్లోనూ చాలావరకు ఈ రెండే. మళ్ళీ రమ్మని బతిమాలుకోవడం ఒకటి, సీసా పట్టుకుని లోకాన్ని వదిలెయ్యడం రెండోది.

మూడో సంగతి ఒకటుంది. ఆమె వెళ్ళిపోయింది. రాదు. రాదని వాడికీ తెలుసు. అయినా పొద్దున్నే లేవాలి, పళ్ళు తోముకోవాలి, పనిలోకి పోవాలి. ఏ విశేషమూ లేని ఒక మంగళవారం గడవాలి. ఆ మంగళవారం మీద పాట కట్టడం అమెరికాలో కంట్రీ పాటల వాళ్ళకు కులవృత్తి లాంటిది. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఒకే పాట పట్టుకుని చెబుతాను.

ఆ పాట నేను సరిగ్గా విన్నది టెక్సాస్‌లో, మా మేనల్లుడి కారులో. హ్యూస్టన్ నుంచి బ్యూమాంట్ వైపు పోతున్నాం. రేడియోలో ఎవరో బరువుగా అందుకున్నాడు. "మావయ్యా, ఎవడో ఏడుస్తున్నాడు, మార్చెయ్యనా?" అన్నాడు. "ఉండనీరా, ఏమంటున్నాడో విననీ" అన్నాను. నిమిషం గడిచేసరికి వాడే కారు నెమ్మది చేశాడు. "చచ్చిపోయాడా? అయితే చచ్చిపోయాడన్నమాట!" అన్నాడు, ఇంట్లో మనిషి సంగతి విన్నట్టు. పదేళ్ళుగా ఆ దేశంలో ఉంటూ కంట్రీ స్టేషను తగిలితే మార్చేసేవాడే వాడు.

పాడినవాడు జార్జ్ జోన్స్. మేం పోతున్న ఆ దారికి కాస్త ఉత్తరాన, అడవుల మధ్య సరటోగా అనే చిన్న ఊళ్ళో 1931లో పుట్టాడు. పాట పేరు "హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే". తెలుగులో చెప్పాలంటే, ఇవాళ్టితో ఆమెను ప్రేమించడం మానేశాడు. 1980 ఏప్రిల్‌లో విడుదలైంది.

కథ చాలా చిన్నది. ఒక స్నేహితుడు చెబుతుంటాడు. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానని వాడు ఆమెతో అన్నాడు. నువ్వే మర్చిపోతావులే అని ఆమె అంది. ఏళ్ళు గడిచాయి. గోడ మీద ఆమె ఫొటో అలాగే ఉంది. మంచం పక్కన పాత ఉత్తరాలున్నాయి, 1962 నాటివి. వాటిలో ప్రేమ అన్న మాట ఉన్న చోటల్లా ఎర్రసిరాతో గీతలు గీసుకున్నాడు. ఇవాళ ఈ స్నేహితుడు చూడబోతే మనిషి చక్కగా ముస్తాబై ఉన్నాడు, ఏళ్ళ తర్వాత ముఖంలో నవ్వు కనిపించింది. హమ్మయ్య, తేరుకున్నాడనుకుంటాం మనం. సరిగ్గా అప్పుడు పల్లవి వస్తుంది: ఇవాళ్టితో మానేశాడు. ఆ వెంటనే, వాడి తలుపుకు పూలచక్రం తగిలించారన్న మాట వస్తుంది. వాళ్ళ దేశంలో పూర్వం చావు జరిగిన ఇంటి తలుపుకు అలా పూలచక్రం తగిలించేవారు, మన దగ్గర వాకిట్లో నిప్పు రాజేసినట్టే. ముస్తాబు చేసినవాళ్ళు ఎవరో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత జోన్స్ పాడడం ఆపేసి మాట్లాడతాడు. చివరిసారి చూసిపోవడానికి ఆమె వచ్చిందని చెబుతాడు. వస్తుందో రాదోనని అందరూ అనుకుంటూనే ఉన్నారట. ఆ మాటలయ్యాక మళ్ళీ అదే పల్లవి.

మన శతకాల్లో మకుటం ఉంటుంది. నూరు పద్యాలు మారినా అది మారదు, దాని అర్థమూ మారదు, దేవుడి విగ్రహంలా కదలకుండా కూర్చుంటుంది. మన సినిమా పల్లవులూ ఎక్కువగా ఆ తీరే: మొదట ఏం చెప్పాయో చివరా అదే చెబుతాయి. ఈ పాటలో మాటలు అవే, అర్థం మాత్రం నిలవదు. మొదటిసారి ఒక్క క్షణం శుభవార్తలా వినిపించి మోసం చేస్తుంది. రెండోసారి చావుకబురు. ఆమె వచ్చి వెళ్ళాక మూడోసారి వింటే, వాడు గెలిచాడా ఓడాడా అన్నది మనకే వదిలేసినట్టుంటుంది. అన్న మాట నిలబెట్టుకున్నాడు, అంతే. పల్లవిని ఇలా కథ వెంట నడిపించడం, కంట్రీ పాటలకు కేంద్రమైన నాష్‌విల్‌లో పాటలు రాసేవాళ్ళ అసలు విద్య. మొదట ఒక పేరు దొరకాలి, ఆ పేరుకు రెండు ముఖాలుండాలి, పాటంతా ఆ రెండో ముఖం దాకా మోసుకెళ్ళాలి.

ఈ విద్యలో ఆరితేరిన ఇద్దరు రాశారు దీన్ని: బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్. నాష్‌విల్‌లో పాట ఒక్కడే కూర్చుని కుమిలిపోతూ రాసే వ్యవహారం కాదు. ఇద్దరో ముగ్గురో ఆఫీసుకు వచ్చినట్టు వచ్చి, ఒక గదిలో కూర్చుని, సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చుకుని పోతారు. వీళ్ళిద్దరూ కలిసి 1968లో ఇంకో పాట రాశారు, టామీ వైనెట్ పాడింది. దాని పేరులో విడాకులు అనే ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరంగా విడదీసి పలుకుతారు: డి-ఐ-వి-ఓ-ఆర్-సి-ఇ. ఎందుకంటే ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడున్నాడు, వాడి ముందు ఆ మాట అనలేక తల్లి స్పెల్లింగు చెబుతోంది. పెద్దవాళ్ళు పిల్లల ముందు గుసగుసగా మాట మార్చుకోవడం మనకు తెలియనిదేం కాదు. కాకపోతే అందులో పాట ఉందని మనకు తోచలేదు. పుట్‌మన్ అంతకుముందు 1965లో రాసిన "గ్రీన్, గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్" కూడా ఇలాంటి మలుపుదే. ఒకడు సొంతూరు చేరుకుంటాడు, అమ్మానాన్నలు ఎదురొస్తారు, పాత ఇల్లు అలాగే ఉంటుంది. తీరా చూస్తే వాడు మరణశిక్ష పడ్డ ఖైదీ, అదంతా కల.

ఇప్పుడు మన సరుకు చూద్దాం. మనకు విరహం తక్కువేం కాదు. అలంకారశాస్త్రం చదివినవాళ్ళు అష్టవిధ నాయికలను వేళ్ళ మీద లెక్కపెడతారు. వాసకసజ్జిక ఇల్లు సర్దుకుని ఎదురుచూస్తుంది. విరహోత్కంఠిత ఇంకా రాలేదేమని వేగిపోతుంది. విప్రలబ్ధను రమ్మన్న చోటికి వాడు రాడు. ఖండిత దగ్గరికి వేరే ఇంటి గుర్తులతో తెల్లారి వస్తాడు. కలహాంతరిత పోట్లాడి పంపేసి తర్వాత ఏడుస్తుంది. ప్రోషితభర్తృక మొగుడు పొరుగూరు వెళ్ళాడు. ఎనిమిది గదులున్నాయి, ఎనిమిదింటికీ తలుపు తెరిచే ఉంది. ఎప్పటికైనా వాడు రావచ్చు. చావు విడదీస్తే దానికి కరుణ విప్రలంభమని వేరే పేరు పెట్టారు. ఇద్దరూ బతికే ఉండి, అదే ఊళ్ళో ఆమె వేరే ఇంట్లో కాపురం చేసుకుంటూ, కూరగాయల బజారులో ఎదురుపడితే పలకరించాలో వద్దో తెలియని పరిస్థితి ఒకటుంటుంది. దానికి మన శాస్త్రంలో తొమ్మిదో గది కట్టలేదు. అది శాస్త్రకారుల తప్పు కాదు, ఆనాటి లోకం వేరు. కానీ ఇవాళ మన ఇళ్ళలో విడాకులు వింత కాదు. పాట ఇంకా ఆ ఎనిమిది గదుల్లోనే తిరుగుతోంది.

సినిమాలోనూ అంతే. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన "దేవదాసు" మన భాషకు ఏకంగా ఒక నామవాచకాన్నే ఇచ్చింది. గడ్డం పెంచినవాడల్లా దేవదాసే. అక్కినేని, సావిత్రి, ఘంటసాల గొంతు, సముద్రాల మాట: ఇందులో ఏదీ తీసివేసేది కాదు. అయితే ఆ పాటల్లో వాడు తాగి ఏం చెబుతాడో గమనించండి. లోకమంతా మాయ అంటాడు. పార్వతి పేరు, ఆమె వాకిలి, ఆమె వదిలిపోయిన వస్తువు ఒక్కటీ కనిపించవు. దుఃఖం పుట్టీపుట్టగానే వేదాంతమైపోతుంది. 1971లో "ప్రేమనగర్" వచ్చేసరికి ఆత్రేయ ఒక పాటలో మాయను వదిలి మనసును పట్టుకున్నాడు. అదీ ఒకడి మనసు కాదు, మనసు అనే పదార్థం. దాని గతి, దాని స్వభావం. మనసు కవి అన్న బిరుదు ఊరికే రాలేదు. నాకు ఆ పాట ప్రాణం. అయినా ఒక మాట అంటాను: మనకు దుఃఖం రాగానే సూక్తి వస్తుంది. సూక్తి రాగానే మనిషి మాయమవుతాడు.

2017లో వచ్చిన "అర్జున్ రెడ్డి" కొత్త దేవదాసు అన్నారు. తాగుడు, గడ్డం, ఆత్మనాశనం అన్నీ యథాతథం. చివరికి అమ్మాయిని తెచ్చి అప్పగించారు. పార్వతి దక్కని దేవదాసును 1953లో చూడగలిగిన ప్రేక్షకులకు 2017లో ఆ ధైర్యం లేదని నిర్మాతలు అనుకున్నారో ఏమో.

ముగింపుల్లో ఒక పోలిక ఉంది, అది నన్ను వదలదు. దేవదాసు పార్వతి వాకిట్లోకి వచ్చి చచ్చిపోతాడు. ఆమె పరుగెత్తుకొస్తుంటే తలుపులు మూసేస్తారు. నాష్‌విల్ పాటలో వాడు తన ఇంట్లోనే పోతాడు, ఆమె నడిచి వస్తుంది, ఎవరూ ఆపరు. నిర్మాత బిల్లీ షెరిల్ పట్టుబట్టి రాయించిన ఘట్టం అది. ఆమె శవాన్ని చూడడానికి రావాల్సిందేనని, చరణాలు మళ్ళీ మళ్ళీ మార్పించాడు. ఆమె వచ్చి ఏం చేసింది? ఏడ్చిందా, పశ్చాత్తాపపడిందా? పాట చెప్పదు. వచ్చింది, అంతే. మన దగ్గరైతే ఆమె చేత ఒక పేజీ డైలాగు చెప్పించేవాళ్ళం.

అసలు ఆ పాట ఆమెను ఒక్క మాట అనదు. ఎందుకు వెళ్ళిపోయింది, తప్పెవరిది అన్న విచారణే లేదు. ఇది చిన్న విషయం కాదు. మన లవ్ ఫెయిల్యూర్ పాటల్లో సగానికి సగం అమ్మాయి మీద ఫిర్యాదులే: డబ్బు చూసి పోయావు, ఉద్యోగం చూసి పోయావు, నా ఉసురు తగులుతుంది. కంట్రీవాళ్ళు మహాత్ములని అనడం లేదు. హ్యాంక్ విలియమ్స్ అనే కంట్రీ గాయకుడి పేరుమోసిన పాట ఒకటి మోసం చేసిన మనసుకు పెట్టిన శాపమే. 1952లో కిట్టీ వెల్స్ అనే ఆవిడ, ఆడవాళ్ళను ఆడిపోసుకున్న ఒక హిట్టుకు జవాబుగా, మమ్మల్ని ఇలా చేసింది మీరు కాదా అని పాడింది. ఆ జవాబు పాటతోనే ఒక ఆడమనిషి ఒంటరిగా కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కడం మొదలైంది. ఆడవాళ్ళు తిరిగి జవాబిచ్చే దారి వాళ్ళకు అంత తొందరగా దొరికింది. మన యూట్యూబ్ పాటల్లో ఆ జవాబు కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

ఇక వస్తువులు. ఇక్కడే అసలు పాఠమంతా ఉంది. ప్యాట్సీ క్లైన్ పాడగా 1962లో వచ్చిన "షీజ్ గాట్ యూ" తీసుకోండి. హ్యాంక్ కాక్రన్ రాశాడు. పాటంతా ఒక జాబితా: నీ ఫొటో నా దగ్గరుంది, మనం విన్న రికార్డులు నా దగ్గరున్నాయి, నీ ఉంగరం నా దగ్గరుంది. నువ్వు మాత్రం ఆమె దగ్గరున్నావు. అంతే. మనసు అన్న మాట బరువు పెట్టి వాడాల్సిన అవసరమే రాలేదు. పెట్టె సర్దుతున్న మనిషి చేతులు కనిపిస్తాయి. 1974లో జోన్స్ పాడిన "ద గ్రాండ్ టూర్" ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఇల్లు చూపిస్తాను రండి అని పిలిచి, ఇల్లు అమ్మేవాడిలా గది గది తిప్పుతాడు: ఆమె కూర్చున్న కుర్చీ, పడుకున్న మంచం, చివరికి ఉయ్యాల గది. చంటిబిడ్డతో సహా వెళ్ళిపోయిందని అక్కడ తెలుస్తుంది. ఆ పాట రాసిన ముగ్గురిలో ఒకడు జార్జ్ రిచీ. నాలుగేళ్ళ తర్వాత అతనే టామీ వైనెట్‌ను పెళ్ళాడాడు. టామీ ఎవరంటే, జార్జ్ జోన్స్ మూడో భార్య. 1969లో పెళ్ళి, 1975లో విడాకులు. పిల్లాడి ముందు స్పెల్లింగు చెప్పిన టామీయే.

విడాకులైన మరుసటి ఏడాది ఈ మాజీ మొగుడూపెళ్ళాలు కలిసి స్టూడియోలో నిలబడి "గోల్డెన్ రింగ్" అనే యుగళగీతం పాడారు. తాకట్టు కొట్టులో ఒక ఉంగరాన్ని ఒక జంట కొనుక్కుంటారు, పెళ్ళి చేసుకుంటారు, పోట్లాడుకుంటారు, ఆ ఉంగరం మళ్ళీ తాకట్టు కొట్టు అద్దాల బీరువాలోకి చేరుతుంది. 1976లో అది మొదటి స్థానానికి వెళ్ళింది. విన్నవాళ్ళందరికీ వీళ్ళ సంగతి తెలుసు. అలాంటి పని మన దగ్గర చేస్తే సిగ్గులేదా అంటారు. అక్కడ టిక్కెట్టు కొన్నారు.

మనకు వస్తువులు రావని కాదు. క్షేత్రయ్య పదాల్లో ఎన్ని వస్తువులు! గంధం, తమలపాకు, పరుపు, నగ, గోటిగుర్తు, పొరుగింటామె చూపు. మువ్వగోపాలుడు దేవుడు అయ్యుండీ వాకిట్లో చెప్పులు విడిచిన మనిషిలా ఉంటాడు. నండూరి ఎంకి పూలూ ముంతలూ లేకుండా కనిపించదు. ఆ సంపదనంతా మధ్యలో ఎక్కడో సినిమా వేదాంతం మింగేసింది. విచిత్రంగా, ఇందాక నేను ఎగతాళి చేసిన ఆ యూట్యూబ్ పల్లె పాటలే మళ్ళీ వస్తువుల దగ్గరికి వచ్చాయి: చెరువు కట్ట, బస్టాండు, జాతర, కొనిచ్చిన గాజులు. వాటికి లేనిది పనితనం, ఉన్నది నేల. ఆ కుర్రాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోవాల్సింది సినిమా కవులను కాదు, పుట్‌మన్ లాంటివాళ్ళను. ఫిర్యాదు తీసేసి గాజులు ఉంచండి. ఆ గాజులు ఇప్పుడెక్కడున్నాయో చెప్పండి. రెండో పెళ్ళి నాడు ఆమె చేతికి ఉన్నాయా, అటక మీద అగ్గిపెట్టెల డబ్బాలో ఉన్నాయా? పాట అక్కడ మొదలవుతుంది.

సంగీతం గురించి ఒక్క మాట. కంట్రీ పాటలో ఏడుపంతా పెడల్ స్టీల్ గిటారుది. కాళ్ళున్న బల్లలా ఉంటుంది. ఎడమచేత్తో నున్నని ఇనుపకడ్డీని తీగల మీద జారుస్తారు, కింద పెడళ్ళు తొక్కి తీగ బిగువు మారుస్తారు. హవాయి దీవుల నుంచి వచ్చిన పద్ధతి. ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదికి మధ్యలో ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. మన గాయకులు జారు అంటారే, అదే. అందుకేనేమో, ఇంగ్లీషు పాట నచ్చని మా ఇంటి పెద్దవాళ్ళు కూడా ఆ వాద్యం వినిపిస్తే తల ఊపడం చూశాను. "హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే" చివర్లో వయొలిన్లు మెట్టు మెట్టుగా పైకి లేస్తాయి, మిలీ కర్కమ్ అనే గాయని మాటల్లేకుండా వెనక నుంచి ఒక సన్నని రాగం తీస్తుంది. కొందరికి అది అతి అనిపిస్తుంది. నాకూ మొదట అనిపించింది. కానీ మాట అంత పొదుపుగా ఉన్నప్పుడు బాణీ కొంచెం ఖర్చుపెట్టవచ్చు.

ఆ పాట పాడినప్పుడు జోన్స్ ఎలా ఉన్నాడో చెప్పాలి. అంతకు ముందే దివాలా తీశాడు. తాగుడుకు తోడు కొకైన్. కచేరీలు ఒప్పుకుని రాకపోవడంతో జనం అతనికి నో షో జోన్స్ అని పేరు పెట్టారు. ఒక్క 1979లోనే యాభైకి పైగా ఎగ్గొట్టాడు. కొన్నాళ్ళు డీడూడుల్ అనే బాతు గొంతుతో మాట్లాడేవాడు, జనం ముందు పాడేవాడు కూడా. ఆ ఏడాది చివర్లో అలబామాలో ఆస్పత్రిలో పెట్టి వైద్యం చేయించారు. అంతకు చాలాముందు, రెండో భార్య దగ్గరున్న రోజుల్లో, తాగడానికి పోకుండా ఆమె కార్ల తాళాలన్నీ దాచేస్తే, గడ్డి కోసే బండి ఎక్కి మైళ్ళ దూరంలో ఉన్న మందు కొట్టుకు పోయాడు. ఈ కథ చెప్పి అమెరికావాళ్ళు పగలబడి నవ్వుతారు. ఆ భార్య ఎంత నవ్విందో తెలియదు.

అలాంటి మనిషికి ఈ పాట ఇస్తే నచ్చలేదు. ఇంత చావు పాట ఎవరు కొంటారన్నాడు. అతనికంటే ముందు జానీ రసెల్ అనే గాయకుడు పాడాడు, అది బయటికే రాలేదు. రికార్డింగులో జోన్స్ బాణీ వదిలేసి క్రిస్ క్రిస్టోఫర్సన్ రాసిన ఇంకో పాట బాణీలోకి పోయేవాడని షెరిల్ చెప్పుకునేవాడు. మధ్యలో ఆ నాలుగు మాటలు పాడడం కాదు, మాట్లాడాలి కదా, అదే అసాధ్యమైందట. పాడుతుంటే మాట తడబాటు తెలియదు, మాట్లాడితే తాగినవాడని తెలిసిపోతుంది. చివరికి అతికించి, సర్ది, బయటికి తెచ్చారు. 1980 జూలైలో మొదటి స్థానం. ఒంటరిగా పాడిన పాటతో అతను అక్కడికి చేరి ఆరేళ్ళవుతోంది. గ్రామీ వచ్చింది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ దీన్ని 1980లోనూ 1981లోనూ రెండుసార్లు ఉత్తమ గీతంగా ఎంచింది. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ భద్రపరచే రికార్డుల జాబితాలోకీ ఎక్కింది.

మనం ఇక్కడ ఒక పొరపాటు చెయ్యకూడదు. పాట బాగుంది గనుక పాటలో మనిషి బతుకు బాగుందనుకోకూడదు. మన వాళ్ళకు ఈ జబ్బు ఉంది, దేవదాసు విషయంలో చేశాం. కంట్రీలోనూ ఉంది. హ్యాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న, ఓహాయోలో కచేరీకి పోతూ, కారు వెనక సీట్లో ప్రాణం వదిలాడు. వయసు 29. తర్వాత వచ్చిన కుర్రాళ్ళు కొందరు అతని పాటతో పాటు అతని సీసాను కూడా వారసత్వంగా తీసుకున్నారు. జోన్స్ కూడా ఆ వరసలోవాడే. చచ్చేదాకా గోడ మీది ఫొటో చూస్తూ కూర్చున్నవాడి గురించి పాడాడు గానీ, తను అలా కూర్చోలేదు. 1983లో నాన్సీ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. తాగుడు మాన్పించడానికి ఆమె పడ్డ పాట్లు పాటల్లోకి రాలేదు. ఎవరికీ అందులో పల్లవి కనిపించలేదు కాబోలు. 1999 మార్చిలో ఇంటికి దగ్గర్లో కారును వంతెనకు గుద్ది చావు దాకా వెళ్ళొచ్చాడు. అక్కడితో మానేశాడు. నిజంగానే, తాగడం. ఆ తర్వాత ఇంకో పద్నాలుగేళ్ళు బతికాడు, పాడాడు.

ఈ మధ్యలో టామీతో మళ్ళీ ఒక ఆల్బమ్ చేశాడు, 1995లో. అప్పటికి ఆమె వేరొకరి భార్య, అతను వేరొకరి భర్త. పక్కపక్కన నిలబడి పాడారు, ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు. మన శాస్త్రం కట్టని ఆ తొమ్మిదో గదిలో మనుషులు ఇలా కూడా ఉండవచ్చు.

జోన్స్ 2013 ఏప్రిల్ 26న నాష్‌విల్‌లో పోయాడు. మే 2న గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద సంస్మరణ జరిగింది. 1925 నుంచి రేడియోలో వస్తున్న ఆ కార్యక్రమమే కంట్రీ పాటకు పుట్టిల్లు. చివర్లో గాయకుడు అలన్ జాక్సన్ లేచి ఈ పాటే పాడాడు. మూడు నిమిషాల పాటకు ఆ రోజు నాలుగో అర్థం వచ్చింది. ముప్పై మూడేళ్ళ కిందట ఇలాంటిది ఎవరు కొంటారన్న మనిషిని ఆ పాటతోనే సాగనంపారు.

ఆయన్ని ఉడ్‌లాన్ శ్మశానంలో పెట్టారు. టామీ వైనెట్ 1998లో పోయింది. ఆమెదీ ఆ ఉడ్‌లాన్‌లోనే, వేరే చోట.